లోపలికి వంగిన కాడలు

తలుపు గడియ పెట్టి, తెల్ల దీపం ఆర్పి, ఎర్ర దీపం వేసి, కళ్ళు ఆ వెలుతురుకు లొంగేదాకా ఆమె గోడకు వీపు ఆనించి నిలబడింది. ఇంకొక గంట. పొద్దున చీల్చి గాజు గిన్నెల్లో వేసిన బఠాణీ కాడలు ఈ గంట గడిస్తే నోరు విప్పుతాయి. ఆ తరవాత ఇంట్లో ఎవరి నోరూ మూతపడదు. బయట ఇంకా పగలే. నడవలో ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు, పంపు కింద ఎవరో సీసాలు కడుగుతున్నారు, లోకం తన మామూలు చప్పుళ్ళతో తాను ఉంది. ఈ గదిలో మాత్రం పగలు లేదు. గోడలకు నల్లరంగు, కిటికీకి రేకు, బల్ల మీద మూతలు పెట్టిన నాలుగు గిన్నెలు, పక్కన బ్లేడు, దాని అంచున ఎండిన రసం. ఈ వెలుతురులో రక్తం కూడా రక్తంలా కనిపించదు. ఎర్రనిదీ తెల్లనిదీ ఒకటే అయిపోతాయి. బాబాయి చొక్కాను అప్పటికప్పుడు విప్పి ఈ గదిలోకి తెచ్చి ఉంటే ఉతికిన చొక్కాలాగే కనిపించేది. ఆ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక ఆమె ఒకసారి తల విదిలించుకుంది, అది పోలేదు.

పరీక్ష చిన్నది, పాతది, చూసేవాళ్ళకు పిల్లల ఆటలా ఉంటుంది. అదేమిటో చేసే చేతికి తెలుస్తుంది. వెలుతురు మొహం ఎరగకుండా పెరిగిన బఠాణీ మొలకను, పాలిపోయి, సన్నగా సాగి, పైన ఏదో ఉందన్న ఒక్క నమ్మకంతో నిటారుగా నిలబడ్డదాన్ని, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తల తీసేయాలి. పెరగమని చెప్పే రసం ఆ తల నుంచే దిగుతుంది. ఇంకొకరి మాట వినిపించుకోవాలంటే ముందు ఆ తల పోవాలి. మిగిలిన కాడను పై నుంచి నడిమికి నిలువునా చీల్చాలి, చేయి వణకకుండా, రెండు సగాలూ సమానంగా. ఒట్టి నీళ్ళలో వేస్తే ఆ సగాలు ఒకదాని మొహం ఒకటి చూడలేనట్టు చెరో దిక్కుకూ వంగిపోతాయి. ఆ నీళ్ళలో పెరుగుదల మందు పిసరంత ఉందా, నాలుకకు తెలియనంత, తూకానికి అందనంత ఉన్నా సరే, అవే సగాలు వెనక్కి తిరిగి, కొనలు ముడుచుకుని, ఒకదాని వైపు ఒకటి లోపలికి వంగుతాయి. చదువుకునే రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు ఆమెకు కళ్ళు చెమర్చాయి. చీల్చినవి మళ్ళీ కలుసుకోబోతున్నాయని తోచింది. కలుసుకోవు. బయటి పొర ఒళ్ళు తెలియకుండా సాగుతూ లోపలి పొరను ముందుకు తోస్తుంది, అంతే. అడిగేవాడు ముందు చీల్చి తరవాత అడుగుతాడు, చీలింది తనకు చేతనైనట్టు జవాబు చెబుతుంది. తెలుసుకోవడానికి ఇంకో దారి ఉందా అని ఆమె చాలాసార్లు అనుకుంది. మనిషిని మాత్రం ఎలా తెలుసుకుంటాం? లోపల ఏం పడిందో ఎవరికీ కనిపించదు. ఎటు వంగాడో కనిపిస్తుంది. ఆ వంపును పట్టుకుని వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతాం, కారణం దొరికిందనుకున్న చోట ఆగిపోతాం.

అన్న కూడా వంపునే చూశాడు. ద్రాక్ష తోటలో లేత ఆకులు ఒక్కసారిగా విసనకర్రల్లా ముడుచుకున్నాయి, ఈనెలు దగ్గరికి లాక్కున్నాయి, కొత్త రెమ్మలు పాముల్లా మెలికలు తిరిగాయి. మూడేళ్ళు సాకిన తీగ, మొదటి కాపు. ఫొటో తీసి ఆమెకు పంపి, అది చూసే వ్యవధి కూడా ఇవ్వకుండా ఫోను చేశాడు. ఆమె అప్పుడు ల్యాబులో పైపెట్లు కడుగుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టింది.

"చూశావా? ఏంటది, తెగులా?"

"తెగులు కాదన్నా. కలుపు మందు దెబ్బ. హార్మోన్ రకం. పెరిగి పెరిగి చచ్చేట్టు చేస్తుంది. గడ్డి, జొన్న తట్టుకుంటాయి, ద్రాక్ష తట్టుకోదు."

"నేను కొట్టింది బూజు మందే కదే! అది తప్ప ఇంకేం కొట్టలేదు తీగ మీద."

"గాలికి కూడా వస్తుంది. నీ పక్కన మొక్కజొన్న ఎవరిది?"

"ఇంకెవరిది. బాబాయిది," అన్నాడు. పెట్టేశాడు.

ఆమె అడిగింది ప్రశ్న. జవాబు చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఆ తేడాను రెండు చేతులా పట్టుకుని వేలాడుతోంది. పోలికకు పక్కన ఒట్టి నీళ్ళ గిన్నె పెట్టకుండా ఏ గిన్నె గురించీ నోరెత్తకూడదని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ నూరిపోసే మనిషి, చేతిలో పైపెట్టు జారకుండా చూసుకుంటూ, ఏ గిన్నే లేకుండా, ఒక ఫొటో మీద, ఒక మనిషిని వేలెత్తి చూపింది. ప్రశ్నకు పదును ఉండదని ఎవరన్నారు. బ్లేడు కూడా ఏమీ అనదు.

ఆ ఫోను తరవాతి పొద్దున అన్న పార తీసుకుని వెళ్ళేసరికి బాబాయి పంపు దగ్గర వంగి మొహం కడుక్కుంటున్నాడట. ఆమె అక్కడ లేదు. లేకపోవడం వల్ల ఆ దృశ్యం ఎన్నిసార్లయినా మొదటి నుంచి మొదలవుతుంది. ఒకసారి పార వెడల్పు వైపు తగులుతుంది, ఒకసారి అంచు తగులుతుంది. ఒకసారి బాబాయి అడుగుల చప్పుడు విని, సబ్బు కళ్ళతోనే, "ఎవర్రా, నువ్వా, రా," అంటాడు. ఒకసారి ఏమీ అనడు. దెబ్బ చెవి పక్క నుంచి దవడ కిందికి దిగిందనీ, ఎముక తన చోటు వదిలేసిందనీ డాక్టరు చెప్పాడు. బాబాయి నీళ్ళ కాలవలో బోర్లా పడ్డాడు, నీళ్ళు ఆగలేదు, ఎవరూ పంపు కట్టేయలేదు, మొక్కజొన్న మొదళ్ళ దాకా ఎర్రగా పారింది. పడిన మనిషి వీపు మీద రెండో దెబ్బ పడింది. మొదటి దెబ్బకు కారణం ఉంది, ఆమే అందించింది. రెండోదానికి కారణం ఏమిటి? రెండోదానికి కారణం మొదటిదే అయి ఉండాలి. చెయ్యి ఒకసారి ఆ దారి పట్టాక తల అవసరం లేదు. తల తీసేసిన కాడ కూడా వంగుతూనే ఉంటుంది, ఎవరు ఏ గిన్నెలో వేస్తే ఆ గిన్నె చెప్పినట్టు. అన్నను ఆ గిన్నెలో వేసిందెవరు? ఆమె వెనక్కి, ఇంకా వెనక్కి లెక్క కట్టింది.

నాన్న కొట్టేవాడు. చెట్లకు నీళ్ళు పెట్టే నల్లటి రబ్బరు గొట్టం ముక్క ఒకటి తలుపు వెనక మేకుకు ఉండేది, గొడుగు పక్కన, గొడుగంత మామూలుగా. ఆమె జోలికి రాలేదు. ఆడపిల్ల అని కాదు, అన్న ముందు నిలబడేవాడు కాబట్టి. దెబ్బ పడే ముందు అన్న ఊపిరి బిగబట్టేవాడు. గొంతులో చిన్న చప్పుడు, గుటక సగంలో ఆగిపోయినట్టు. అంతే, ఏడుపు లేదు, మాట లేదు. ఆమె మంచం కింద దాక్కుని ఆ చప్పుడు కోసం చెవులు మూసుకునేది, మూసుకున్న చెవుల్లోనూ అది వినిపించేది. ఒకనాడు గొట్టం పైకి లేచి ఉండగా బాబాయి లోపలికొచ్చాడు. చెయ్యి మధ్యలో పెట్టాడు, వాన పడుతోందో లేదో చూడ్డానికి చాచినట్టు. గొట్టం చివర ఇత్తడి బిళ్ళ ఉందని అందరూ మర్చిపోయారు. మణికట్టు చిట్లింది, వంకరగా అతుక్కుంది. తరవాతి రోజుల్లో పిల్లలు అడిగితే ఆ చెయ్యి ఊపి చూపించేవాడు: "ఇదా? మీ నాన్న సంతకం. గట్టిగా పెట్టాడు, చెరపలేకపోతున్నా." పిల్లలు నవ్వేవాళ్ళు. అన్న మాత్రం నవ్వేవాడు కాదు. కంచం ముందు కూర్చున్నా, బండి మీద వెనక కూర్చున్నా, అన్న చూపు ఆ మణికట్టు మీదే ఉండేది. రుణం తీర్చుకోలేని చూపు అనుకునేది ఆమె అప్పుడు. ఇప్పుడు అనుమానంగా ఉంది. మన కోసం దెబ్బ తిన్నవాణ్ణి మనం క్షమించగలమా? ఆ వంకర చెయ్యి కనిపించినప్పుడల్లా అన్నకు తన ఊపిరి బిగబట్టడమే గుర్తొచ్చి ఉంటే? ఆ చెయ్యే పంపు కింద నీళ్ళు పట్టి మొహం మీద చల్లుకుంటోంది ఆ పొద్దున.

ఆమె బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. గిన్నెలు ముట్టుకోలేదు. తొందరపడి చూస్తే కాడలు ఇంకా మనసు మార్చుకునే దశలోనే ఉంటాయి. బయటికి వంగినవి లోపలికి తిరుగుతాయో లేదో తెలియదు. ప్రతి మూత మీదా తెల్ల కాగితం ముక్క ఉంది. దాని మీద పేరు ఉంది, కనిపించదు. ఇది ఈ ల్యాబు పద్ధతి, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు: గిన్నెల్లో ద్రవం పోసేవాడు వంపులు చదవకూడదు, చదివేవాడు పోయకూడదు, పోసినవాడు మూతల మీద ఎర్ర పెన్సిలుతో పేర్లు రాసి, గిన్నెలు తారుమారు చేసి వెళ్ళిపోవాలి. ఎర్ర దీపం కింద ఎర్ర రాత ఉండదు. వంపులన్నీ కొలిచి, తేల్చి, ఆ తరవాతే తెల్ల దీపం వేయాలి. అప్పుడు పేర్లు బయటపడతాయి. పోసింది జడ్జిగారు. అది ఆయన పేరు కాదు. గిన్నె చెప్పేదాకా ఏ మాటా చెప్పడు కాబట్టి, ఇంటి దగ్గర కూరలో ఉప్పు చాలిందా అన్నా ఆలోచించి చెబుతాడు కాబట్టి అందరూ అలా పిలుస్తారు. నీ వాళ్ళ గొడవ నువ్వే చదవడమేమిటని ముందు గొణిగాడు. ఆ తరవాత ఆయనే అన్నాడు:

"ఈ పరీక్ష తెలిసింది మనిద్దరికే. నాకా శుక్లాలు, నీకా చుట్టరికం. ఇద్దరం కలిస్తే ఒక మంచి కన్ను అవుతుంది. కానీ ఒకటమ్మా, ఎర్ర దీపం కింద ఏ గిన్నెకీ చుట్టాలుండరు. అది గుర్తుంటే కూర్చో, లేదంటే లే."

పొద్దున కాడలు కోస్తున్నప్పుడు కూడా ఆయన పక్కనే ఉన్నాడు. అవసరమైనవి నాలుగు గుప్పెళ్ళు. ఆమె చెయ్యి ఆగలేదు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, బ్లేడు పడ్డప్పుడల్లా చిటుక్కుమనే ఆ చప్పుడు, తల అటు, కాడ ఇటు, మొత్తం ట్రే అయిపోయింది, తెల్లటి మొండేల అడవి. చేతులకు జిగురు, గోళ్ళ కింద పచ్చి వాసన, దవడలు బిగుసుకుని ఉన్నాయి, ఒంట్లో ఎక్కడో హాయిగా ఉంది. ఆ హాయే ఆమెను భయపెట్టింది. జడ్జిగారు ట్రే వైపు చూసి, "ఏమ్మా, నిద్రపుచ్చావా అన్నిటినీ?" అన్నాడు.

"తలలు తీసి నిద్రపుచ్చడమేంటి సార్."

"ఆ పద్ధతిలో అయితే ఎవరికైనా బాగానే పడుతుంది నిద్ర." ట్రే తన వైపు లాక్కుని, "ఇన్నెందుకు కోశావు?"

"కొన్ని పాడవుతాయేమోనని."

ఆయన అబద్ధం రుచి తెలిసిన మనిషి. అవి పాడవుతాయని కాదు. చెయ్యి ఆ దారి పట్టింది. అన్న చెయ్యీ తన చెయ్యీ ఒకే కడుపున పుట్టినవి, ఒకే గొట్టం చప్పుడు విన్నవి. ఒకరికి పార దొరికింది, ఒకరికి ఉద్యోగం దొరికింది.

నాలుగు గిన్నెల్లో ఒకటి ఒట్టి నీళ్ళు. ఒకటి తెలిసిన మందు, ఎంత పోశారో తెలిసినది, సాక్షి లాంటిది. మూడోది బాబాయి వీపుకు తగిలించుకుని మందు కొట్టే డబ్బా కడిగిన నీళ్ళు. ఆ డబ్బా కోసం వెళ్ళినప్పుడు పిన్ని ఆసుపత్రి నుంచి మార్చుకునే బట్టలకని ఇంటికి వచ్చి ఉంది. చెప్పులు కూడా విప్పలేదు, బీరువా ముందు నిలబడి, ఏం తీయాలో మర్చిపోయిన మనిషిలా చూస్తోంది. పాకకు తాళం చెవి కావాలని ఎలా అడగాలో తెలియక ఆమె గుమ్మంలోనే ఉండిపోయింది. అన్న లాయరు అడిగాడని, ఏదో ఒకటి తేలాలని, నోటికొచ్చింది చెప్పింది. పిన్ని చివరిదాకా విని తాళం చెవి చేతిలో పెట్టింది.

"తీసుకో. ఈ ఇంట్లో నువ్వు దూరని మూల ఏముందే." అంతలోనే గొంతు మారింది. "ఆయన కలుపు మందు కొట్టించడు తల్లీ. మనుషుల్ని పెట్టి తీయిస్తాడు. నీకు తెలియదూ? మీ అన్నకి తెలియదూ? కొట్టేముందు ఒక్క మాట అడిగి ఉంటే, ఆ సబ్బు మొహంతోనే చెప్పేవాడు కదమ్మా."

పాకలో ఆ డబ్బా మూతికి సాలెగూడు ఉంది. ఆమె చూసింది. చూసి కూడా చూడనట్టు గూడు తుడిచేసి, నీళ్ళు పోసి, కదిపి, సీసాలో పట్టింది. కంటికి కనిపించేది ఋజువు కాదు అని చెప్పుకుంది. ఫొటోను నమ్మిన కన్ను సాలెగూటిని నమ్మనంది.

నాలుగోది అన్న డబ్బా కడిగిన నీళ్ళు. అది పోలిక కోసం. ఒకరి డబ్బా పరీక్షకు పెట్టినప్పుడు అదే రకం శుభ్రమైన డబ్బా ఇంకొకటి పక్కన ఉండాలి, లేకపోతే జవాబుకు విలువ లేదు. బెయిలు మీద ఇంటికొచ్చిన అన్న ఆ మాట వినగానే తనే డబ్బా మోసుకొచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. "తీసుకో, నాది కూడా తీసుకో. దీంట్లో ఏముంటుంది, బూజు మందు తప్ప. వాడిదని తేలనీ ఒక్కసారి. అప్పుడు తలదించుకునేది నేను కాదు. వాడు లేచి కూర్చున్నాడా, మిగిలిన దవడ కూడా చూస్తా." వాడు. వంకర చేతి మనిషి ఒక్క రోజులో వాడు అయిపోయాడు. ఇన్నేళ్ళూ ఆ మాట ఎక్కడ దాగి ఉంది? అన్న కళ్ళ కింద నల్లటి చారలు, గడ్డం, చేతులు మాత్రం కుదురుగా ఉన్నాయి; తప్పు చేయలేదనుకునేవాడి చేతులు. ఆ చేతుల కింద నేల ఒక్కటే, పక్క పొలం నుంచి గాలి వచ్చిందన్న నమ్మకం. ఆ నేల తీసేస్తే ఆ మనిషి ఎక్కడ పడతాడో ఆమెకు తెలుసు. తెలిసే ఆ సీసాను సంచిలో పెట్టుకుంది, తీసేదేమీ ఉండదనుకుని.

జేబులో ఫోను వణికింది. తీయలేదు, తీస్తే తెర వెలుతురు గదిని పాడుచేస్తుంది. తొడ మీద అది వణుకుతూనే ఉంది, పట్టుకున్న పురుగులా, ఆగి, మళ్ళీ. అన్నే. ఇవాళ సాయంత్రానికి తేలుతుందని చెప్పింది కదా. గోడకు విసిరి కొట్టాలనిపించింది ఫోనును, గిన్నెలను, ఈ గదిని. చిన్నప్పుడు ఒకసారి అన్న చెయ్యి కొరికింది, నెత్తురు వచ్చేదాకా, ఎందుకో గుర్తులేదు, అన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు, ఆమె దవడ అలిసిపోయేదాకా ఊరుకుని, "అయిందా?" అన్నాడు. అదే మనిషి. అదే మనిషి అని ఎన్నిసార్లు అనుకున్నా పార ఆగదు, పైకి లేస్తూనే ఉంటుంది. ఆమె రెండు చేతులూ మొహానికి కప్పుకుంది. వేళ్ళకు వాసన. పొద్దుటి పచ్చి వాసన కాదు, సబ్బుతో రెండుసార్లు కడిగినా పోని ఇంకో వాసన, ఆసుపత్రి నడవలాంటిది, ఘాటుగా, తియ్యగా. అన్న డబ్బా గొట్టాన్ని విప్పి నీళ్ళు వంపినప్పుడు అంటుకున్నది. బూజు మందుకు ఈ వాసన ఉండదు. అన్న కొట్టేదానికి అసలు ఏ వాసనా ఉండదు.

అప్పుడు గేటు తెరుచుకుంది. మనసు ఇన్నాళ్ళూ మూసి, దాని ముందు నిలబడి కాపలా కాసిన గేటు. తోటకు వెళ్ళే దారి, కొత్తగా వేసిన ఇనుప గేటు, మిగిలిన పందిరి రాళ్ళు దింపడానికి లారీ రావాలి, దారంతా మోకాలెత్తు కలుపు. ఆకులు ముడుచుకోకముందు ఒక సెలవు రోజున ఆమె తోట చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ కలుపు చస్తోంది. మామూలుగా ఎండి చావడం లేదు. మెలికలు తిరిగి, కాడలు పగిలి, తమని తామే పిండుకుంటూ, మరమేకుల్లా నేల మీద దొర్లుతోంది. అన్న నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్నాడు. "చూశావా, ఎట్లా కొట్టుకుంటున్నాయో! ఒక్క దెబ్బ. పొద్దున కొట్టా, సాయంత్రానికి మెడలు వంచేశాయి." ఆమె కూడా నవ్వింది. అవును, నవ్వింది. ఆ మందు ఏమిటో, ఆ మెలిక ఏమిటో, ఈ లోకంలో చాలామంది కంటే బాగా తెలిసిన మనిషి, అన్న భుజం మీద చెయ్యి వేసి నవ్వి, పద, తీగలు చూపించు అంది. దేంతో కొట్టావని అడగలేదు. అది అడగాల్సిన ప్రశ్న. దాన్ని గేటు దగ్గర వదిలేసి, ఇంకో ప్రశ్నను ఫోనులో అడిగింది. డబ్బా కడిగే ఉంటాడు, అన్న శుభ్రం మనిషి, నీళ్ళు పోసి మూడుసార్లు కదిపి ఉంటాడు. నీళ్ళకు ఆ మందు పోదు. డబ్బా గోడలను వదిలినా రబ్బరును వదలదు. గొట్టం తాగినదాన్ని దాచుకుని, తరవాత పోసిన ప్రతిదానిలోకీ కొంచెం కొంచెంగా వదులుతూ ఉంటుంది. అన్న తన చేత్తో, తన డబ్బాతో, బూజు తగలకూడదని వరస వరసా తిరిగి, ఒక్క తీగ కూడా వదలకుండా, ఎంతో ప్రేమగా కొట్టాడు.

గంట అయింది. ఆమెకు తెలిసింది, కానీ తెలియడం తేలడం కాదు. భూతద్దం తీసుకుంది. మొదటి గిన్నె మూత ఎత్తింది. సగాలన్నీ లోపలికి తిరిగి ఉన్నాయి, కొనలు ఒకదాన్నొకటి తాకేంతగా. కోణం కొలిచింది, ప్రతిదీ, తొందర లేకుండా. రెండో గిన్నె. అన్నీ బయటికి, విరబూసినట్టు, ఒక్కటి కూడా లోపలికి లేదు. మూడోది కూడా అంతే. నాలుగో మూత ఎత్తే ముందు ఆమె కళ్ళు మూసుకుంది, మూసుకుని, తెరిచి చూసింది. లోపలికి. మొదటి గిన్నె కంటే కూడా ఎక్కువగా, పిడికిళ్ళలా. రెండు గిన్నెలు మూసుకున్నాయి, రెండు తెరుచుకున్నాయి. మూసుకున్న వాటిలో ఒకటి సాక్షి, ఇంకొకటి మనిషి.

రెండు మూతలు చేతుల్లోకి తీసుకుంది, రెండోదీ నాలుగోదీ. తేలికగా ఉన్నాయి. చేతులు అడ్డంగా మార్చింది. కుడి చేతి మూత ఎడమ గిన్నె మీదికి, ఎడమ చేతి మూత కుడి గిన్నె మీదికి. ఇంతే. ఒక్క కదలిక. జడ్జిగారికి శుక్లాలు. అన్నకు కాళ్ళ కింద నేల ఉంటుంది. బాబాయి కళ్ళు తెరవడేమో, తెరిచినా మాట్లాడలేడేమో, ఆ వంకర చెయ్యి ఇంకొక దెబ్బ మోస్తుంది, అంతే కదా, దానికి అలవాటే. ఆ చివరి మాట తనలోనే పుట్టింది. పారకు ఇంత కంటే పదును ఉందా? పైగా ఏది ఎవరిదో ఈ వెలుతురులో ఎలా తెలుస్తుంది. మార్చితే నీళ్ళకూ సాక్షికీ ముడిపడవచ్చు, అన్నకూ నీళ్ళకూ ముడిపడవచ్చు. ఈ పద్ధతి పెట్టినవాడెవడో అబద్ధం ఆడదలుచుకున్నవాణ్ణి కూడా గుడ్డివాణ్ణి చేసి పోయాడు. ఆమె చేతులు విప్పింది. ఏ మూత ఆ గిన్నె మీద పెట్టింది. లేచి, తెల్ల దీపం వేసింది.

ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ బయట తలుపు పైన వెలిగే బల్బు ఆరడం చూసి జడ్జిగారు తలుపు తట్టాడు. గడియ తీయగానే లోపలికొచ్చాడు. ఆమె మొహం చూడలేదు. బల్ల మీదికి వంగి, కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, ముందు కాడలు చూశాడు, తరవాత ఎడమ నుంచి మూతలు చదివాడు.

"మందు." పక్కది. "మీ బాబాయి." పక్కది. "నీళ్ళు." నాలుగో మూత మీద వేలు పెట్టి ఆగిపోయాడు. చదవలేదు. ఎర్ర పెన్సిలు రాత తెల్ల వెలుతురులో అప్పుడే గీరినట్టు మెరుస్తోంది. "మళ్ళీ పెడదామా, ఇంకో ట్రే?" అన్నాడు మెల్లగా.

"అక్కర్లేదు సార్. సరిగ్గానే చెప్పాయి."

ఫోను మళ్ళీ వణికింది. ఈసారి తీసింది. జడ్జిగారు బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు.

"వచ్చిందా?" అన్న గొంతు వేడిగా, దగ్గరగా ఉంది. "చెప్పవేంటే, వచ్చిందా? వాడేనా?"

చెప్పాల్సిన వాక్యాలు నోటి దాకా వచ్చాయి. ఏ వాక్యమూ తిన్నగా నిలబడలేదు. ఆమెకు చేతనైంది అడగడం ఒక్కటే.

"అన్నా. గేటు దగ్గర కలుపు కొట్టావు చూడు. ఏ డబ్బాతో కొట్టావు?"

"ఏ డబ్బా ఏంటి, నాదే. నాకు ఉన్నది ఒకటే కదా. ఎందుకిప్పుడు... కడిగాను కదా. కడిగే పెట్టా."

"దేంతో కడిగావు?"

"నీళ్ళతో."

గేటు దగ్గర మెలికలు తిరిగిన కాడలు అన్నకూ కనిపిస్తూ ఉండాలి, ఆ తరవాత విసనకర్ర ఆకులు, ఆ తరవాత పంపు. ఆమె ఎదురు చూసింది. అరుపు కోసం, తిట్టు కోసం, ఫోను నేలకేసి కొట్టిన చప్పుడు కోసం. అవేవీ రాలేదు. చాలా ఏళ్ళ కిందటి చప్పుడు ఒకటి వినిపించింది, గొంతులో, చిన్నగా, గుటక సగంలో ఆగిపోయినట్టు. అన్న ఊపిరి బిగబట్టాడు. గొట్టం పైకి లేచే ఉంది. ఈసారి మధ్యలో పెట్టడానికి ఆ చెయ్యి లేదు.